సౌండ్ రాని లాప్‌టాప్‌ను పారెయ్యొద్దు, లినక్స్ వాళ్ల మాట గుడ్డిగా నమ్మొద్దు

వరి గురించి, మినుము గురించి, కాలవ నీళ్ల గురించి రాసేవాడు కంప్యూటర్ సౌండ్ మీద పడ్డాడేంటి అనుకోకండి. ఇది మన సంగతే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ వాళ్లు 2025 అక్టోబర్ 14 తో సపోర్ట్ ఆపేశారు. కావాలంటే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంతే. విండోస్ 11 వేసుకుందామంటే పాత మెషీన్లకి ఎక్కదు. ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. మన ఊళ్లల్లో ఉన్న లాప్‌టాప్‌లు ఎలాంటివో మీకు తెలుసు. అబ్బాయో అమ్మాయో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నవి. చదువైపోయి పిల్లలు హైదరాబాదో, బెంగుళూరో, అమెరికానో వెళ్లారు. వాళ్లకి ఆఫీసు వాళ్లు కొత్తవి ఇచ్చారు. పాతవి ఇంట్లో బీరువా మీద ఉన్నాయి. రిపేరు షాపుకి తీసుకెళితే ఒకటే మాట, "ఇది అయిపోయిందండీ, కొత్తది తీసుకోండి". కొత్తదంటే తక్కువలో తక్కువ నలభై వేలు. ఎకరం మినుముకి ఎంత మిగులుతుందో లెక్క తెలిసినవాళ్లం మనం.

ఇలాంటి మెషీన్లలో ఇప్పుడు చాలామంది లినక్స్ వేయిస్తున్నారు. ఉబుంటు, మింట్, డెబియన్, పేరు ఏదైనా లోపల ఉన్నది ఒకటే. డబ్బు కట్టక్కర్లేదు. నడిచే తీరు అందరికీ కనపడేలా రాసిపెట్టి ఉంటుంది, ఎవరైనా మార్చుకోవచ్చు. పాత మెషీన్ మళ్లీ ప్రాణం వచ్చినట్టు నడుస్తుంది. స్క్రీన్ వచ్చింది, కీబోర్డు వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది. పాట పెడితే చప్పుడు లేదు! అక్కడితో "లినక్స్ వేస్ట్ అండీ, సౌండే రాదు" అని తీర్పు చెప్పేసి మళ్లీ బీరువా మీద పెట్టేస్తున్నారు.

ఈ తీర్పు తప్పు అని నా అభిప్రాయం. అలాగని లినక్స్ అభిమానులు చెప్పే "అన్నీ ఆటోమేటిక్‌గా వచ్చేస్తాయి" అన్న మాటా నిజం కాదు. రెండూ చెప్పాలి.

ముందు, సౌండ్ అనేది మనకి ఎందుకంత ముఖ్యమో చూడండి. పట్నంలో ఆఫీసు పని చేసుకునేవాడికి లాప్‌టాప్‌లో సౌండ్ లేకపోయినా రోజు గడుస్తుంది. మెయిల్ చూసుకుంటాడు, ఎక్సెల్ చేసుకుంటాడు. మనకి అలా కాదు. మినుములో పల్లాకు తెగులు గురించి శాస్త్రవేత్త చెప్పే వీడియో చూస్తే అందులో సరుకంతా మాటలోనే ఉంటుంది. బొమ్మ చూస్తే పచ్చగా ఉన్న ఆకు కనిపిస్తుంది, ఏ మందు ఎంత మోతాదో చెవితో వినాలి. చదవడం సరిగ్గా రాని పెద్దవాళ్లకి కంప్యూటర్ అంటే వినేదే. ఇక మన ఊరి సంగతి వేరే చెప్పాలా? ఇది కూచిపూడి. సిద్ధేంద్ర యోగి పేరు మీద కళాక్షేత్రం ఉన్న ఊరు, వెంపటి చినసత్యం గారు 1929 లో పుట్టిన ఊరు. పక్కనే క్షేత్రయ్య గారి మొవ్వ. ఇక్కడ పొద్దున్నే పిల్లలు గజ్జె కట్టి సాధన చేస్తారు. ప్రతిరోజూ మృదంగం, వయొలిన్, పాట పాడేవాళ్లని పిలిపించుకునే స్తోమత ఎవరికుంటుంది? రికార్డు చేసిన పాట పెట్టుకుని సాధన చేసుకుంటారు. సెల్‌ఫోన్ చప్పుడు గది చివరికి వినపడదు. పాత లాప్‌టాప్ ఒకటి స్పీకరుకి తగిలిస్తే సరిపోతుంది. అలాంటి చోట సౌండ్ రాని కంప్యూటర్ అంటే నీళ్లు రాని బోరు లాంటిది.

ఇప్పుడు అసలు సమస్య ఎక్కడుందో చెప్తాను. డ్రైవర్ అన్న మాట వింటే లారీ డ్రైవర్ గుర్తొస్తాడు గానీ, మనకి బాగా అర్థమయ్యే పోలిక కాలవ మీద లస్కరు. పైనుంచి ఆర్డర్ వస్తుంది, ఇవాళ ఫలానా ఊరికి నీళ్లు వదలండి అని. ఆర్డర్ ఇచ్చే ఇంజినీరు గారికి ఏ షట్టర్ ఎటు తిప్పాలో తెలియదు. అది లస్కరుకి తెలుసు. ఏ తూము ఏ బోదెకి వెళ్తుందో, ఏ మర కుడికి తిప్పితే లేస్తుందో, ఏది తుప్పు పట్టి రెండుసార్లు తడితే గానీ కదలదో. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టం ఇంజినీరు, సౌండ్ చిప్ కాలవ, మధ్యలో డ్రైవర్ లస్కరు.

ఈ సౌండ్ చిప్‌కి బోలెడు కాళ్లు ఉంటాయి, పిన్నులంటారు. ఒకటి స్పీకరుకి, ఒకటి హెడ్‌ఫోన్ రంధ్రానికి, ఒకటి మైకుకి, కొన్ని దేనికీ పోనివి. ఇంటెల్ వాళ్లు 2004 లో దీనికో పద్ధతి తెచ్చారు, హెచ్‌డీ ఆడియో అని. ఆ పద్ధతి పుస్తకం అందరికీ బహిరంగంగానే ఇచ్చారు, అది మంచి పని. కానీ ఒకే చిప్‌ని కొని పది కంపెనీలు పది రకాలుగా వైర్లు కలుపుతాయి. ఏ పిన్ను ఎటు పోయిందో ఒక పట్టిక రాసి మెషీన్ బయాస్‌లో పెట్టాలి, అదే నియమం. చాలా మోడళ్లలో ఆ పట్టిక తప్పుగా ఉంటుంది, లేదా సగమే ఉంటుంది. మరి విండోస్‌లో ఎలా వస్తుంది? తయారు చేసినవాడే విండోస్ కోసం ఇచ్చిన డ్రైవర్‌లో ఆ తప్పుని లోపల్లోపల సర్దేసుకుంటాడు. బయటికి చెప్పడు. అంటే కాగితం మీద 7వ తూము మీ చేలోకి అని ఉంటుంది, నిజానికి అది మురుగు కాలవలోకి పోతుంది. పాత లస్కరుకి తెలుసు కాబట్టి 9వది ఎత్తుతాడు. కొత్త లస్కరు కాగితం నమ్మి 7వది ఎత్తితే చేను ఎండుతుంది. అప్పుడు ఊరంతా ఏమంటుంది? "ఈ కొత్తోడికి పని రాదు" అంటుంది. కాగితం తప్పు రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

లినక్స్ కొత్త లస్కరు. ఒక్కో తూము ఎత్తి నీళ్లు ఎక్కడ తేలుతున్నాయో చూసుకుని నేర్చుకున్నవాడు.

ఈ నేర్చుకోవడం వెనక ముప్పై ఏళ్ల కథ ఉంది. 1991 లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాక, సౌండ్ పని ముందు ఎత్తుకున్నది ఆయన దేశం వాడే, ఫిన్లాండ్‌కి చెందిన హన్ను సవొలైనెన్. సౌండ్ బ్లాస్టర్ కార్డుల కాలం అది. తర్వాత 1998 లో చెక్ దేశస్థుడు యారొస్లావ్ కిసెలా ఆల్సా అనే కొత్త ఏర్పాటు మొదలుపెట్టాడు. 2003 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 2.6 నుంచి అదే ప్రధానమైంది, ఇవాళ్టికీ పునాది అదే. దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్న మనిషి జపాన్‌కి చెందిన తకాషి ఇవాయ్, సూసే అనే కంపెనీలో పని చేస్తూ. రియల్‌టెక్ చిప్‌ల కోసమే రాసిన ఒక్క ఫైలు పది వేల వరుసలు దాటింది. అందులో పెద్ద భాగం ఏమిటో తెలుసా? ఫలానా కంపెనీ ఫలానా మోడల్ అయితే ఫలానా పిన్ను ఇలా దిద్దుకో, ఫలానా మోడల్‌కి హెడ్‌ఫోన్ ఇలా, అని ఒక్కో మెషీన్‌కి ఒక్కో దిద్దుబాటు. అవన్నీ ఎవరో వాడేవాళ్లు "నా లాప్‌టాప్‌లో సౌండ్ రావట్లేదు" అని వివరాలు పంపితే, ఎవరో కూర్చుని సరిచేసినవి. మీ మోడల్‌కి ఇవాళ సౌండ్ వస్తోందంటే, ప్రపంచంలో ఎక్కడో మీలాంటివాడు ఒకడు ముందే ఓపిక పట్టాడని అర్థం.

అందుకే "సౌండ్ రాకపోవడం లినక్స్ తప్పు" అంటే ఒప్పుకోను. అయితే రైతుకి తప్పెవరిదన్నది తీర్పు కాదు, నీళ్లు వచ్చాయా లేదా అన్నదే. ఆ లెక్కన లినక్స్ అభిమానులకీ రెండు మాటలు అనాలి.

ఒకటి, వీళ్లు వేసిచ్చి వెళ్లిపోతారు. సౌండ్ పెట్టి చూడరు. ట్రాక్టర్ అమ్మినవాడు ఒక చాలు దున్ని చూపించకుండా పోతే ఊరుకుంటామా? రెండు, పట్టుదల. డెబియన్ అనే లినక్స్ ఉంది, చాలా గట్టిది, ఉబుంటుకి తల్లి లాంటిది. స్వేచ్ఛగా లేని ఏ ముక్కనీ ఇన్‌స్టాల్ చేసే డిస్కులో పెట్టమని ఏళ్ల తరబడి కూర్చున్నారు. కొత్త చిప్‌లకి ఫర్మ్‌వేర్ అని చిన్న ఫైలు ఒకటి ఎక్కిస్తేనే నోరు తెరుస్తాయి. ఆ ఫైలు మూసిన పెట్టె కాబట్టి పెట్టమన్నారు. ఫలితం, వేసుకున్నవాడికి వైఫై రాదు, కొన్నిటికి సౌండ్ రాదు. మనలో కూడా ఉన్నారుగా, ఒక్క గింజ యూరియా పడితే భూమి మైలపడిందనే ప్రకృతి వ్యవసాయం వాళ్లు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ మొదటి ఏడాదే పంట పోయిన రైతు రెండో ఏడు ఆ దారికి రాడు. డెబియన్ వాళ్లు చివరికి 2022 లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ డిస్కులోనే ఉంటోంది. సరైన నిర్ణయం అంటాను. ముందు నీళ్లు రానివ్వండి, తర్వాత తూము ఎవరిదో తేల్చుకుందాం.

కొంచెం కొత్త మెషీన్లలో కథ ఇంకాస్త ముదిరింది. సౌండ్ పని చూసుకోవడానికి ప్రాసెసర్ లోపలే విడిగా ఒక చిన్న బుర్ర పెడుతున్నారు. దానికి ఫర్మ్‌వేర్ కావాలి. ఇంటెల్ వాళ్లు 2018 లో సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అని దాని రాతనంతా బహిరంగం చేశారు. మెచ్చుకోవాలి. కానీ మెలిక చూడండి. చాలా లాప్‌టాప్‌లలో ఇంటెల్ సంతకం ఉన్న ఫైలునే ఆ బుర్ర ఒప్పుకుంటుంది. రాత మీకు చూపిస్తారు, మీరు దిద్దుకుంటే మాత్రం మీ మెషీన్‌లో నడవదు. విత్తనం ఎలా తయారు చేశామో పుస్తకం ఇస్తాం, మీ చేలో పండించిన గింజ మాత్రం మీ చేలో మొలవదు అన్నట్టు. ఇవి కాక స్పీకర్ దగ్గర విడిగా ఆంప్లిఫయర్ చిప్ పెట్టే మోడళ్లు వచ్చాయి. హెడ్‌ఫోన్ పెడితే పాట వినపడుతుంది, తీసేస్తే స్పీకర్ మూగ. కాలవలో నీళ్లున్నాయి, ఎత్తిపోతల దగ్గర మోటారు ఆన్ చేసేవాడు లేడు, అంతే.

సరే, మరి బీరువా మీద ఉన్నదాన్ని ఏం చెయ్యాలి?

ముందు వేసేముందే చూడండి. లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, లాప్‌టాప్‌లో ఏమీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి చూడొచ్చు. అందులోనే పాట పెట్టి చూడండి. అక్కడ వస్తే వేశాకా వస్తుంది. పాతది కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి. బెజవాడలో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనడానికి వెళ్లేవాళ్లు జేబులో ఆ పెన్‌డ్రైవ్ పెట్టుకుని వెళ్లండి. షాపువాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి. గేదెని కొనేటప్పుడు పాలు పితికి చూడకుండా కొంటామా?

ఆల్రెడీ వేసేసి, సౌండ్ రాకపోతే, సెట్టింగ్స్‌లో సౌండ్ దగ్గర ఏ పేరు కనపడుతోందో చూడండి. మీ చిప్ పేరు కనపడి చప్పుడు రాకపోతే చాలాసార్లు అది చిన్న విషయమే. సౌండ్ టీవీ వైపు, అంటే హెచ్‌డీఎంఐకి పోతూ ఉంటుంది, స్పీకర్ అని మార్చితే చాలు. లేదా లోపల ఎక్కడో మ్యూట్ అయి ఉంటుంది. టెర్మినల్ తెరిచి ఆల్సామిక్సర్ అని కొడితే మీటలు వరుసగా కనపడతాయి. ఎఫ్6 నొక్కి మీ కార్డు ఎంచుకోండి. ఏ మీట కింద ఎంఎం అని ఉందో అది మూసి ఉన్నట్టు, దాని మీదకి వెళ్లి ఎం అక్షరం నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడే ఆటో మ్యూట్ అని ఒకటి ఉంటుంది. హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్ ఆగిపోయే ఏర్పాటు అది. పాత మెషీన్లలో హెడ్‌ఫోన్ రంధ్రంలో దుమ్మో తుప్పో చేరి, హెడ్‌ఫోన్ ఉన్నట్టే భ్రమపడి స్పీకర్‌ని ఆపేస్తుంది. మన ఉప్పుగాలికి, తేమకి ఇది మామూలే. ఆటో మ్యూట్ తీసేస్తే స్పీకర్ మోగుతుంది. దీనికి డ్రైవర్‌తో సంబంధమే లేదు, కానీ షాపుల్లో బోర్డు పోయిందని చెప్పేస్తారు.

పేరు బదులు డమ్మీ అవుట్‌పుట్ అని కనపడితే మాత్రం మన లస్కరు అసలు కాలవనే గుర్తుపట్టలేదన్నమాట. అప్పుడు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి ఉందో లేదో చూడాలి. తర్వాత కెర్నల్, అంటే లినక్స్ మూలభాగం, కొత్తదానికి మార్చి చూడాలి. మెషీన్ మరీ కొత్తదైతే దాని దిద్దుబాటు ఈ మధ్యే చేరి ఉండొచ్చు. చాలా పాత మెషీన్‌కి సాధారణంగా ఈ బెడద ఉండదు. వింతగా ఉంటుంది గానీ నిజం, లినక్స్‌లో పాత ఎద్దే నికరం. మూడు నాలుగేళ్ల క్రితం మోడల్ అయితే దాని తప్పులన్నీ ఎవరో ఒకరు దిద్దేసి ఉంటారు. నిన్న షోరూములోకి వచ్చినదే మొరాయిస్తుంది.

ఏదీ పని చెయ్యకపోతే? యూఎస్‌బీ సౌండ్ కార్డు అని బొటనవేలంత ముక్క దొరుకుతుంది. కొన్ని వందల రూపాయలు. అది గుచ్చి స్పీకర్ తగిలించుకోండి. మామూలు రకాలన్నీ లినక్స్‌లో గుచ్చగానే మోగుతాయి. ఎందుకంటే యూఎస్‌బీ ఆడియోకి అందరూ పాటించే ఒకే పద్ధతి ఉంది, ఏ కంపెనీ ముక్క అయినా ఒకే డ్రైవర్ చాలు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. నలభై వేల మెషీన్ లోపల ఉన్న చిప్ మొరాయిస్తుంటే, కొన్ని వందల ముక్క ఎందుకు మాట వింటోంది? ఇది తెలివైనది, అది తెలివితక్కువది అని కాదు. ఒకచోట పద్ధతి ప్రకారం చేశారు, ఇంకోచోట ఎవడి ఇష్టం వాడు చేసి కాగితం దాచుకున్నాడు. టెక్నాలజీ కష్టం అని మనకి చెప్పేదాంట్లో సగం ఇలా దాచుకున్న కాగితమే.

ఈ దాచుకునే రోగం లాప్‌టాప్‌తో ఆగదు, అందుకే ఇదంతా రాస్తున్నాను. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి మన దేశంలో 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, ట్రెమ్ 4 అంటారు. దాంతో ఇంజిన్లలోకి ఎలక్ట్రానిక్స్ దిగాయి. డీజిల్ ఎంత చిమ్మాలో ఒక పెట్టె నిర్ణయిస్తుంది. లైట్ వెలిగితే పామర్రు మెకానిక్ స్పానర్ పట్టుకుని ఏం చేస్తాడు? స్కానర్ ఉండాలి, దాని సాఫ్ట్‌వేర్ ఉండాలి, కోడ్ అర్థం తెలియాలి. అవన్నీ కంపెనీ సర్వీస్ దగ్గర ఉంటాయి. వరి కోత హడావుడిలో, బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియో చెబుతుంటే, వాళ్ల మనిషి వచ్చేదాకా చేలో మెషీన్ ఆగి ఉండాలి. అమెరికాలో రైతులు ఇదే గొడవ మీద ఏళ్ల తరబడి జాన్ డీర్ కంపెనీతో కొట్లాడుతున్నారు. 2023 లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలని రైతే బాగుచేసుకునే హక్కు మీద చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద కేసు వేసింది. వేల ఎకరాల అమెరికా రైతుకే ఆ గతి పడితే, రెండెకరాల కౌలు రైతు సంగతి ఏంటి?

మన దగ్గర ఏమీ జరగలేదని కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసుకునే హక్కు మీద ఒక కమిటీ వేసింది. ముందుగా చూసే రంగాల్లో వ్యవసాయ యంత్రాల పేరు కూడా పెట్టారు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాను, బళ్లతో పాటు. అదే డిసెంబర్‌లో ఒక పోర్టల్ కూడా తెరిచారు. కంపెనీలు తమ మాన్యువళ్లు, సర్వీస్ వివరాలు అక్కడ పెట్టాలని. అది మంచి మొదలు. కానీ పోర్టల్‌లో టోల్‌ఫ్రీ నెంబరు పెట్టడం వేరు, పిన్నుల పట్టిక ఇవ్వడం వేరు. ఇవ్వమని గట్టిగా అడిగే చట్టం ఉండాలి.

విత్తనం విషయంలో మనకి అలాంటి చట్టం ఉంది. 2001 చట్టం, మొక్కల రకాలు, రైతుల హక్కుల రక్షణ చట్టం. పండించిన గింజని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, పక్క రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కంపెనీ బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. ఆ హక్కు విలువ ఏంటో మన డెల్టా వాళ్లకి ఒకరు చెప్పాలా? బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, బీపీటీ 5204, 1986 లో విడుదలైంది. మార్టేరులో పుట్టిన స్వర్ణ 1982 లో వచ్చింది. ప్రభుత్వ పరిశోధన కేంద్రాల్లో పుట్టి, చేతులు మారి, చేలు మారి దేశమంతా పాకాయి. ఎవరి దగ్గరా తాళంచెవి లేదు కాబట్టే పాకాయి. విత్తనం మీద మనం పట్టు పట్టాం, మెషీన్ మీద ఎందుకు పట్టు పట్టట్లేదు అన్నదే నా ప్రశ్న.

"మనవల్ల ఏమవుతుందండీ, ఇది పెద్ద కంపెనీల వ్యవహారం" అనేవాళ్లకి కేరళ చూపిస్తాను. అక్కడ ప్రభుత్వ స్కూళ్లలో ఐటీ@స్కూల్ అనే కార్యక్రమం 2000ల దశకంలోనే లినక్స్ మీదకి వచ్చేసింది. ఇప్పుడు కైట్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది, స్కూళ్ల కోసం సొంతంగా ఉబుంటు నుంచి ఒక లినక్స్ తయారు చేసి ఇస్తోంది. ఒక రాష్ట్రం బడులన్నీ లినక్స్ మీద ఉన్నాయంటే, అక్కడ లాప్‌టాప్ అమ్మాలనుకున్న ప్రతివాడూ తన మెషీన్‌లో సౌండ్ వస్తోందా లేదా అని ముందే చూసుకుంటాడు. చూసుకోకపోతే బేరం పోతుంది. ఒక్క రైతు అడిగితే "రాదండీ" అంటారు. ఒక ప్రభుత్వం అడిగితే రాత్రికి రాత్రి వస్తుంది.

మనవాళ్లు చేతకానివాళ్లూ కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కుర్రాళ్లు తెలుగులో కనపడే లినక్స్ తయారు చేశారు. మన ఊళ్లో ఆసుపత్రి కట్టించిన సిలికానాంధ్ర వాళ్లే తెలుగు ఫాంట్లు కొన్ని తయారు చేయించి ఉచితంగా వదిలారు. పొన్నాల, రవిప్రకాష్, లక్కిరెడ్డి లాంటివి. అవి ఇవాళ డెబియన్‌లో తెలుగువిజయం అనే ప్యాకేజీగా ఉన్నాయి, ప్రపంచంలో ఎవరైనా వేసుకోవచ్చు. అంటే తెలుగు అక్షరం స్వేచ్ఛగా కనపడే ఏర్పాటు మనవాళ్లే చేసుకున్నారు. తెలుగు మాట స్వేచ్ఛగా వినపడే ఏర్పాటు దగ్గరే ఆగిపోయాం.

కాబట్టి రెండు పనులు అడుగుతున్నాను.

మొదటిది మన పిల్లలకి. బెజవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో మన మండలం పిల్లలు ఎంతమంది చదువుతున్నారో లెక్కే లేదు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అంటే ఎక్కడో కొనుక్కుని ప్రింటు తీసి బైండింగ్ చేయించి ఇస్తున్నారు, అది బహిరంగ రహస్యం. దానికి బదులు, ఊళ్లో సౌండ్ రాని లాప్‌టాప్ ఒకటి తీసుకోండి. ఆల్సా వాళ్ల దగ్గరే ఆల్సా ఇన్ఫో అని ఒక స్క్రిప్టు ఉంటుంది, నడిపిస్తే ఆ మెషీన్ సౌండ్ జాతకం మొత్తం ఒక ఫైలుగా వస్తుంది. పిన్నుల పట్టిక ఎక్కడ తప్పిందో కనుక్కోండి. దిద్దుబాటు రాసి పంపండి. అది చేరితే, ఆ మోడల్ ప్రపంచంలో ఎక్కడున్నా మోగుతుంది, దిద్దినవాడి పేరు లినక్స్ రికార్డుల్లో శాశ్వతంగా ఉంటుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ ఒక్క వరుస ముందు బైండింగ్ పుస్తకం ఎందుకూ పనికిరాదు.

రెండోది మనకి. మన పన్నుల డబ్బుతో కొనే కంప్యూటర్లు బళ్లకి, సచివాలయాలకి, రైతు సేవా కేంద్రాలకి వస్తూనే ఉంటాయి. ఆ టెండర్లలో ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అని పేజీలకి పేజీలు రాస్తారు. అందులో ఒక్క షరతు కలపమని అడుగుదాం: సౌండ్, వైఫై, కెమెరా ఈ మూడూ మామూలు లినక్స్‌లో బయటి డ్రైవర్ ఏదీ వెయ్యకుండా పని చెయ్యాలి, అమ్మినవాడు డెలివరీ రోజు నడిపి చూపించాలి. దీనికి ప్రభుత్వానికి అదనంగా పైసా ఖర్చు లేదు. ఐదేళ్ల తర్వాత ఆ మెషీన్‌కి విండోస్ సపోర్ట్ ఆగిపోయినా గుజిరీకి పోదు. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టడానికి అర్జీ తెలుగులో రాసి ఉంచాను. పొగ నిబంధనల ట్రాక్టర్లకి సర్వీస్ స్కానర్ బయటి మెకానిక్‌లకి కూడా ఇవ్వాలని అందులోనే రెండో అంశంగా పెట్టాను. సంతకం పెట్టేవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా రావచ్చు. వచ్చేటప్పుడు ఇంట్లో మూగ లాప్‌టాప్ ఉంటే ఛార్జర్‌తో సహా పట్టుకురండి, పెన్‌డ్రైవ్ నా దగ్గర ఉంది.